కొండ దిగని కొబ్బరికాయప్ప

"సంతకం పెట్టేది లేదు. ఆ కొండమీదోడు యా పక్కకి దిగినాడో తెలిసినంకనే పెడతా!"

జయరామప్ప పెన్ను తీసి నర్సు ట్రేలోకి గిరాటేశాడు. గుండెకి బైపాస్ చేయించుకోవాల్సినవాడు సంతకాన్ని బైపాస్ చేస్తున్నాడు.

"పదీ ఇరవై అయింది నాయనా! పదకొండుకి థియేటర్. ఈ టైము తప్పితే మళ్ళీ పది దినాలకి. పది దినాలు ఓర్చుకునే గుండె కాదని డాక్టరు నీ మొగం మీదనే చెప్పలేదా?" కూతురు సహన కాగితాన్ని మళ్ళీ ముందుకి జరిపింది.

"నా గుండె ఆ కొబ్బరికాయప్ప దగ్గరనే నిలిచిపోయుండాది పోమ్మా."

"మొక్కుంటే చెప్పండి అంకుల్. కొబ్బరికాయ కింద గుళ్ళో కొట్టిద్దాం" అంది నర్సు.

కొట్టడానికి అది కాయ కాదు, కొబయకావా అనే జపాన్ దొర. జయరామప్ప నాలుక మీద పడి కొబ్బరికాయప్ప అయ్యాడు.

యలహంకలో ఒక యోగా హాలు ఉంది. ఆదివారం పదింటికి అక్కడ ఆసనాలు అయిపోయి సింహాసనాల గొడవ మొదలవుతుంది. షోగన్ అంటే జపాన్‌ని ఏలే సేనాపతి అని తెలియక షోకి పెట్టిన గన్ననుకునే పెద్దవాళ్ళకి, జయరామప్పతో కలిపి పదకొండుమందికి, గురుమూర్తి మేష్ట్రు జపాన్ చరిత్ర చెబుతాడు. ఆరువందల పేజీల లావు పుస్తకం. సొంతంగా చదవబోయి పదకొండుమందీ ముప్పయ్యో పేజీలోనే నిద్రపోయారు. గురుమూర్తి రెండు పేజీలు గబగబా కళ్ళతో మింగి, తలెత్తి, గొంతు వణుకుతుండగా కథ ఎత్తుకుంటే మాత్రం ఒక్కరికీ నిద్ర పట్టదు. షరతు ఒకటే. మొదటిరోజే పుస్తకం మీద చేతులు వేయించి ఒట్టు పెట్టించాడు: ముందు ఏమవుతుందో ఎవరూ పుస్తకంలో చూడకూడదు, ఫోన్లో వెతకకూడదు.

పోయిన ఆదివారం పదహారువందల సంవత్సరంలో ఆగారు. మంచు విడుతోంది. సెకిగహరా మైదానంలో రెండు సైన్యాలు కొట్టుకుంటున్నాయి. పక్కన కొండమీద పదిహేను వేలమందితో పందొమ్మిదేళ్ళ కొబయకావా. రెండు పక్షాలూ "మావాడే" అనుకుంటున్నాయి. వాడు ఎటు దిగితే జపాన్ అటు. సరిగ్గా అక్కడ గురుమూర్తి పుస్తకం మూసేశాడు.

సహన ఫోన్ తీసింది. "ఉండు, నేను చూసి చెప్తా."

"చూస్తివా, ఒట్టు నా నెత్తిన పడతాది! గుండె కోసేముందర ఒట్టు తప్పమంటావా? మేష్ట్రు నోటితోనే రావల్ల."

ఆ ఫోన్‌తోనే మేష్ట్రుని పిలిచింది. గురుమూర్తి పావుగంటలో వచ్చాడు, భుజాన సంచీ, చొక్కా అంతా చెమట.

"మేష్ట్రూ, ఆదివారానికి నేను ఉంటానో లేదో. చెప్పప్పా. దిగినాడా?"

గురుమూర్తి మొహంలో రంగు మారింది. సంచీని గుండెకి హత్తుకున్నాడు.

"చెప్పను."

"సార్!" అని అరిచింది సహన.

"చచ్చిపోయేవానికి కూడా చెప్పవా?" అన్నాడు జయరామప్ప.

"చచ్చిపోయేవాడికి అసలే చెప్పను. ఆదివారం పదింటికి మిగతా పదిమందినీ వెంటబెట్టుకుని ఈ మంచం దగ్గరకే వస్తా. నువ్వు కళ్ళు తెరుచుకుని ఉండు, చాలు."

"ఇద్దరికే పర్మిషన్" అంది నర్సు.

తలుపు దగ్గర మత్తు డాక్టరు వాచీ చూసుకున్నాడు. పదీ యాభై. జయరామప్ప పెదాలు నీలం తిరుగుతున్నాయి. సహన గురుమూర్తి చెయ్యి పట్టుకుని మూలకి లాగింది.

"కాళ్ళు పట్టుకుంటా సార్. ఈ పక్కో ఆ పక్కో, ఏదో ఒకటి అనెయ్యండి!"

"తప్పయితే?"

"మా నాయన ప్రాణం కంటేనా?"

గురుమూర్తి అడ్డంగా తల ఊపాడు. నుదుటి చెమట కంట్లోకి కారుతున్నా తుడుచుకోలేదు. జయరామప్ప అతన్నే చూస్తున్నాడు. ఒక నిమిషం. ఇంకో నిమిషం. స్ట్రెచర్ తోసేవాళ్ళు వెనక్కి మళ్ళబోయారు.

"తే పెన్ను!" జయరామప్ప ట్రేలో చెయ్యి పెట్టాడు. కాగితం చిరిగేలా గీకాడు. "ఆదివారం చెప్పకపోతివా, నీకు మంచి మత్తు నేనిస్తా మేష్ట్రూ. నీ కథ వినందే నేను పొయ్యేది లేదు!"

తలుపులు మూసుకున్నాయి. పైన ఎర్రలైటు వెలిగింది.

నాలుగున్నర గంటలు ఇద్దరూ బెంచీకి చెరో చివర కూర్చున్నారు. సహన ఒక్కసారి కూడా అతని వైపు తిరగలేదు. మూడున్నరకి లైటు ఆరింది. డాక్టరు మాస్క్ దించి నవ్వాడు.

"గట్టివాడమ్మా మీ నాన్న. మత్తెక్కేదాకా 'ఆదివారం, ఆదివారం' అంటూనే ఉన్నాడు."

సహన వెళ్ళి గురుమూర్తి కాళ్ళమీద పడబోయింది. అతను గాభరాగా వెనక్కి జరిగాడు.

"నేను మిమ్మల్ని మనసులో ఎన్నెన్ని తిట్లు తిట్టుకున్నానో సార్! చెప్పేసి ఉంటే నాయన నిశ్చింతగా పొయ్యుండేవాడు. ఆ పట్టుదల కోసమే మీరు దాచినారు. ఎంత తెలివి సార్ మీది! ఇప్పుడు నాకన్నా చెప్పండి. నేను ఒట్టేమీ పెట్టలేదు గదా. యా పక్కకి దిగినాడు?"

గురుమూర్తి సంచీలోంచి పుస్తకం తీశాడు. సగం పేజీలు చేతులు పడి నలిగిపోయాయి. రిబ్బను పెట్టిన చోటు నుంచి చివరిదాకా మిగతా సగం తళతళలాడుతోంది.

"నాకు మాత్రం ఏం తెలుసమ్మా? ఆరోజు దీనిమీద వేసిన చేతుల్లో నాదీ ఒకటి!"