పిట్టలు వాలిన చోట

ఓక్లహోమాలోని ఒక జలాశయం నడిమధ్యలో పడవ మోటారు ఆపాను. తెల్లపిట్టలు మా పడవ వెనకే నీటిమీద వాలుతున్నాయి.

“పిట్టలు వాలాయంటే కింద హైబ్రిడ్ బాస్ అనే పెద్దచేపలు చిన్నచేపల్ని పైకి తరుముతున్నట్టే. చప్పుడు చెయ్యకు,” అని నా భార్య డార్లాకి పాఠం చెప్పి గాలం విసిరాను.

ఏమీ తగల్లేదు. గాలం పక్కనే బిస్కెట్ ముక్కొకటి తేలుతోంది. వెనక్కి తిరిగితే, డార్లా ఒడిలో బిస్కెట్ పాకెట్.

“పొద్దుట్నించీ ఒక్క చేపా పడక మొహం వేలాడేసుకున్నావు. పిట్టలొస్తేనైనా హుషారవుతావని వేశాను,” అంది.

అంతలో మా పక్కింటి ఓటిస్ తన పడవ మోటారాపి, మెల్లగా తెడ్డేసుకుంటూ వచ్చాడు.

“ఈ చోటు ఎలా పట్టావయ్యా?” అన్నాడు గుసగుసగా.

“ఏళ్ల తరబడి అనుభవం,” అన్నాను.

డార్లా చప్పుడు కాకుండా రెండో పాకెట్ విప్పింది.