పిక్ అప్ అంటే ఎత్తుకొనుడు

“మళ్లొకసారి చెప్పు పంతులమ్మా. పిక్ అప్ అంటే?”

“కిందున్నదాన్ని ఎత్తుకొనుడు,” అంది మిషన్ బడి పంతులమ్మ లీలమ్మ. “జ్వరం తగ్గి తేరుకున్నా అదే మాట. వినివిని భాష నేర్చుకున్నా అదే. వచ్చి పిల్లను ఇంటికి తోలుకపోయినా అదే.”

“ఒక్క మాటకు గిన్ని పనులా! మా ఊరి దొర కాడ వెట్టోడు గూడ గిన్ని చెయ్యడు,” అంది వాకిలి ఊడ్చే సుక్కమ్మ. “ఆఖరిది వద్దు. మొదటిదే నేర్పు.”

బంగళా ముందు మోటారు సిద్ధంగా ఉంది. మిషన్ తెల్లదొరసాని తన పెంపుడు కూతురు రూతుతో ఓడెక్కి సీమకు వెళ్లిపోతోంది. ఒక పల్లెలో పెంటకుప్ప మీద దొరికిన పసిగుడ్డు రూతు. కన్నతల్లి పారేసిందనే ఆ పిల్లకు తెలుసు.

“పారెయ్యలే,” అంది సుక్కమ్మ. “మా ఊరి ముచ్చటే గద. పుట్టినోళ్లు పుట్టినట్టే పోతుంటే, మా దిక్కు బిడ్డను పెంట మీద పండవెడ్తరు. మేనత్త ఎత్తుకుంటది. ఇగ ఆ బిడ్డ ఎత్తుకున్నోళ్లదే. కన్నది ‘నా బిడ్డ’ అన్నదంటే అదీ బతకదు. ఆనాడు మేనత్త కన్న ముందుగాల దొరసాని వచ్చింది.”

“దొరసానికి నేను చెప్త తియ్యి.”

“పిల్లకే చెప్పాలె. ఓడెక్కినంక మన మాట మరుస్తది. వాళ్ల మాటల్ల చెప్తె యాదుంటది.”

“ఆ తల్లి ఉన్నదా?”

“యాడిది! బిడ్డను పండవెట్టిన చలికాలమే పోయింది.”

లీలమ్మ నేర్పింది. సుక్కమ్మ పెదవులు కదుపుకుంటూ మోటారు దగ్గరికి నడిచింది.

“రూతమ్మా! మదర్ నో త్రో. మదర్ పుట్. మమ్మ పిక్ అప్,” అంది దొరసానిని చూపిస్తూ.

రూతు కిలకిలా నవ్వింది. అంతలోనే నవ్వు ఆపి, “వేర్ ఈజ్ మదర్?” అంది.

ఆ ముక్క లీలమ్మ నేర్పలేదు. అయినా సుక్కమ్మకు అర్థమైంది.

“నో మదర్,” అంది.

పిల్ల ముఖం చిన్నబోయింది. దొరసాని పక్కన కూర్చోబెట్టుకుంది. మోటారు కదిలి, దుమ్ములో కలిసిపోయింది.

“నిజమే అయినా, పసిదాని ముఖం మీద గట్ల అంటరా సుక్కమ్మా?” అంది లీలమ్మ.

సుక్కమ్మ కిందున్న చీపురు ఎత్తుకుంది.

ఆమె కన్నవాళ్లలో బతికింది రూతు ఒక్కతే.