మన పక్కనున్న పురుగు

“ఓడిపోయినోళ్లు చేనికి మందు కొట్టాల. మాట తప్పొద్దు,” అంటూ శాంసన్ ఫోన్లోని ఆటలో మానసుడిని బరిలోకి దించాడు. ఎదుటివాడి మనసు చదివేసే ఆ వింత జంతువును వాడు వేసవంతా మేపి పెంచాడు.

చెల్లెలు జెస్సికా తన ఫోన్లోంచి ఒక పచ్చపురుగును వదిలింది.

“ఇదేందే? నా మానసుడు తుమ్మితే ఎగిరిపోతాది!”

“మనసు చదివేటోనికి పురుగంటేనే హడల్. ఈ ఆటలో అంతేన్నా.”

పురుగు ఎగబాకి కరిచింది. మానసుడు బోర్లా పడ్డాడు.

వెనక నుంచి చూస్తున్న నాయన కృపావరం, వీపున మందు పంపుతోనే ముందుకు వంగాడు. పోయినేడాది ఆయన పత్తినంతా పురుగే తినేసింది. జెస్సికా ఫోన్ దాచబోయింది.

“దాచొద్దు. ఈ పురుగు మందుకు చస్తాదా?”

“చావదు నాయనా.”

“నంద్యాల నుంచి తెచ్చిన మందుకు మన చేన్లోదీ చావలే, దాని పాడె గట్ట!”

కృపావరం పంపు దించి శాంసన్ భుజానికి తగిలించాడు. జెస్సికా పక్కన చతికిలబడి ఫోన్ అందుకున్నాడు.

“ఇన్నేండ్లకు పురుగు మన పక్కకొచ్చిందమ్మా. ఇంకో ఆట పెట్టు. ఈసారి దాన్ని నేను వదుల్తా.”