మిసెస్ లెమ్కే మసాలా

"అందులో మిరియాలేవీ?"

గిన్నెలో మసాలా కలుపుతున్న ఆర్లిస్ ఉలిక్కిపడి తల తిప్పింది.

చర్చి వంటగది గుమ్మంలో ఎవరో ముసలావిడ. డెబ్బైకి దగ్గరపడి ఉంటుంది. మగవాళ్ల కోటు వేసుకుంది, ఎడం కనుబొమ్మ మీద పాత మచ్చ ఉంది. ఈ ఊరి మనిషి కాదు.

"భోజనాలు సాయంత్రం అయిదింటికండీ," అంది ఆర్లిస్.

"భోజనం అడగలేదమ్మాయ్. మిరియాలేవని అడిగాను."

ఆర్లిస్‌కి ఒళ్లు మండింది. అసలే ఆ ఉదయం ఆమె మనసు మనసులో లేదు. మొక్కజొన్న కోతల విందుకి చేసే గుమ్మడికాయ పైల్లో, ఆ తీపి కూరిన రొట్టెల్లో, మసాలా ముప్పై అయిదేళ్లుగా అమ్మ చేత్తోనే పడేది. అమ్మ మొన్న ఏప్రిల్లో పోయింది. కొట్లో దొరికే డబ్బా పొడితో కానిచ్చేద్దామని కమిటీ వాళ్లన్నప్పుడు ఆర్లిస్ ఒంటికాలి మీద లేచింది.

"నా కంఠంలో ప్రాణం ఉండగా ఆ డబ్బా ఈ గడప తొక్కదు," అంది.

అలా పోట్లాడి తెచ్చుకున్న పని ఇది. ఇవాళ తేడా వస్తే అమ్మ పేరు అమ్మతోనే పోతుంది.

"తీపిలో మిరియాలేంటండీ, విడ్డూరం కాకపోతే!"

"విడ్డూరమే. అందుకే బావుంటుంది."

"దాల్చినచెక్క, శొంఠి, జాజికాయ, లవంగాలు. నాలుగే. కావాలంటే చూసుకోండి," అంటూ ఎదురుగా తెరిచి ఉన్న పుస్తకం చూపించింది.

చర్చి ఆడవాళ్లు ఎప్పుడో అచ్చు వేయించిన వంటల పుస్తకం అది. ఆ పేజీ అడుగున 'మిసెస్ ఓటో లెమ్కే' అని ఉంది. ఆ రోజుల్లో పెళ్లయినావిడ సొంత పేరు అచ్చులోకి ఎక్కేది కాదు, మొగుడి పేరే ఎక్కేది. అమ్మ అచ్చులో కనిపించే చోటు ప్రపంచం మొత్తమ్మీద ఆ పేజీ ఒక్కటే. అదీ నాన్న పేరుతో.

ముసలావిడ పేజీ చూసి నవ్వింది.

"రాసిచ్చినావిడ ఒకటి దాచుకుంది."

"ఏమిటీ?"

"ఈ ఊళ్లో ఏ ఆడది పూర్తిగా రాసిచ్చింది చెప్పు? అడిగితే కాదనలేరు, ఇవ్వాలంటే ప్రాణం ఒప్పదు. ఒకటి మింగేసి మిగతావి రాసిస్తారు."

అది నిజమే. తన సూప్ రాసివ్వమన్నప్పుడు ఆర్లిస్ కూడా ఆ పనే చేసింది. అయినా తగ్గలేదు.

"ఎవరి సంగతో నాకు తెలీదు. మా అమ్మ నా దగ్గర ఏదీ దాచేది కాదు. బతికినన్నాళ్లూ ఈ పేజీ ఎదురుగా పెట్టుకునే కలిపింది."

ముసలావిడ నవ్వు ఆగిపోయింది.

"పాపం," అంది.

ఆ మాట ఆర్లిస్‌కి తిట్టు కన్నా గట్టిగా తగిలింది.

"అసలు మీరెవరండీ? మీ పేరేంటి?"

"అబ్బో! ఈ వంటగదిలో ఆడదాని పేరు అడిగే రోజులొచ్చాయన్నమాట!"

అంటూనే పొయ్యి పక్కనున్న మిరియాల డబ్బా అందుకుంది.

"అది కింద పెట్టండి!"

"పెట్టను."

"పెద్దవారని ఊరుకుంటున్నాను!"

"ఊరుకోకు. కేకలెయ్యి. నీ కన్నా చిన్న వయసులో నేను వేశాను. ఊరంతా వినపడింది."

ఆర్లిస్ చెయ్యి పట్టుకునే లోపే గుప్పెడు గింజలు చేతిమరలో పడ్డాయి. నాలుగు తిప్పులు. ఆ పొడి గిన్నెలోకి దులిపి, చెంచాతో కలిపేసింది కూడా.

ఆర్లిస్ గిన్నె లాక్కుంది. మళ్లీ నూరుదామంటే లవంగాలు లేవు, జాజికాయలూ అయిపోయాయి.

"బయటికి నడవండి!"

"పొమ్మంటే పోతాను. మిరియం మాత్రం ఎక్కడికీ పోదు."

వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయింది. బయట కారు కదిలిన చప్పుడైంది.

చేసేది లేక ఆర్లిస్ ఆ పొడితోనే పైలు చేసింది. ఏడుస్తూనే ఓవెన్లో పెట్టింది.

మధ్యాహ్నానికి మొదటిది చల్లారింది. భయపడుతూ ఒక ముక్క కోసి నోట్లో పెట్టుకుంది.

ముందు తీపి. ఆ తర్వాత గొంతులో సన్నటి వెచ్చదనం. అమ్మ పొడిలో ఏదో వెలితి ఉండేదని, ఆ వెలితినే రుచి అనుకుంటూ పెరిగానని ఆమెకి అప్పుడు తెలిసింది. ఒప్పుకోవడానికి మనసు రాలేదు. రెండో ముక్క మాత్రం కోసుకుంది.

పరుగున బయటికి వెళ్లి చూసింది. కనుచూపు మేర రోడ్డు ఖాళీ.

విందులో ప్రతి వంటకం ముందూ అది ఎవరిదో చీటీ పెడతారు. కమిటీ వాళ్లు 'మిసెస్ ఓటో లెమ్కే మసాలాతో' అని రాసి ఉంచారు. ఆర్లిస్ కలం తీసింది. అమ్మ పేరు మీద కలం పెట్టి ఆగింది. కానీ పరాయి రుచికి అమ్మ పేరు తగిలిస్తే అమ్మకే చిన్నతనం.

"ఏం చేస్తున్నావే?"

నాన్న అక్క, ఎల్డా అత్తయ్య. ఎనభై దాటినా బల్లలు సర్దడానికి తనే రావాలి.

"పేరు మారుస్తున్నాను అత్తయ్యా. ఇది అమ్మ మసాలా కాదు. దారిన పోయే ఆవిడెవరో వచ్చి, వద్దన్నా వినకుండా మిరియాలు కలిపి పోయింది."

"మిరియాలా?"

ఎల్డా ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుంది. నములుతూ రోడ్డు వైపు చూసింది.

"ఎడం కనుబొమ్మ మీద మచ్చ ఉందా ఆవిడకి?"

"ఉంది. నీకెలా తెలుసు?"

ఎల్డా కుర్చీలో కూలబడింది.

"ఆ మచ్చ మీ నాన్న చేతి చలవ. అప్పడాల కర్రతో ఆవిడా బాగానే జవాబు చెప్పింది. సర్దుకుపొమ్మన్నాం మేమంతా. సర్దుకోనని ఊరు దాటింది. ఇదే వంటగదిలో నిలబడి, తప్పంతా ఆవిడదే అన్నాం."

ఆర్లిస్ చేతిలోని కలం మెల్లగా లాక్కుంది.

"ఆ పేరు కొట్టెయ్యకే తల్లీ. పుస్తకం అచ్చయిన ఏడాది మిసెస్ ఓటో లెమ్కే ఆవిడే, మీ అమ్మ ఆ పేరులోకి వచ్చింది ఆ తర్వాత రెండేళ్లకి."