అయ్యగారు స్నానం చేస్తున్నారు

"అయ్యగారు స్నానం చేస్తున్నారండీ. తర్వాత రండి."

గేటు తియ్యకుండానే చెప్పింది పెద్దక్క. ఇంటి యజమానిని కలవాలని వచ్చిన ఆఫీసరు వాచీ చూసుకుని, రేపొస్తానని వెళ్లిపోయాడు.

లోపల స్నానం చేసేవాళ్లెవరూ లేరు. సెలవులివ్వగానే అయ్యగారూ అమ్మగారూ పిల్లల్ని తీసుకుని ఎక్కడో చల్లటి చోటికి వెళ్లారు. పది రోజుల్లో వస్తామన్నారు. ఇంటిని పెద్దక్క చేతిలో పెట్టారు. పద్దెనిమిదేళ్లుగా ఆ ఇంట్లో వంటా, పిల్లల జ్వరాలూ, పాలవాడితో తగాదాలూ అన్నీ ఆవిడ చేతిలోనే ఉన్నాయి కాబట్టి అందులో వింతేమీ లేదు. ఆ వీధిలో పిల్లా పెద్దా అందరికీ ఆవిడ పెద్దక్కే.

వెళ్లేముందు అమ్మగారు చిలక్కి చెప్పినట్టు చెప్పారు.

"సెలవుల్లో దొంగలు తాళం పడ్డ ఇళ్లు చూసుకుంటూ తిరుగుతారు పెద్దక్కా. మేం లేమని మూడో కంటికి తెలియకూడదు. ఎవరొచ్చినా అయ్యగారు స్నానంలో ఉన్నారని చెప్పు. ఉత్తరాలు డబ్బాలో ఉంచకు. ఈ రోజుల్లో కవరు మీద పేరు దొరికితే చాలు, ఆ పేరుతో ఏమైనా చేసేస్తున్నారు."

"పేరుతో ఏం చేస్తారమ్మా, చోద్యం కాకపోతే!"

"నీకు తెలీదులే. అందుకేగా నీ గుర్తింపు కార్డు కూడా నా బీరువాలో భద్రంగా పెట్టింది."

పెద్దక్క కళ్లు చెమ్మగిల్లాయి. తోడబుట్టినవాళ్లు చూస్తారా అంత బాగా? వేలిముద్ర వేసేవాళ్లని లోకం ఇట్టే మోసం చేస్తుందని, దగ్గర కూచోబెట్టుకుని సంతకం నేర్పింది కూడా ఆ మహాతల్లే. వంకరటింకరగా పెట్టినా మెచ్చుకునేవారు.

కాపలా మొదలైంది. అయ్యగారి చొక్కా ఉతికిందే ఉతికి రోజూ దండెం మీద ఆరేసేది. గుమ్మంలో ఆయన చెప్పులు పూటకో పక్కకి తిప్పేది. ఎవరూ లేని హాల్లో టీవీ పెట్టి, "సౌండు తగ్గించండర్రా, చెవులు పోతున్నాయి!" అని తనే కేకలేసేది. డబ్బాలో పడ్డ ఇంగ్లీషు కవర్లన్నీ ఏరి తెచ్చి, ఒక్కటీ చింపకుండా సొరుగులో పెట్టి తాళం వేసేది.

ఆవిడ భయం ఆవిడది. ఇంట్లో చెంచా కనపడకపోయినా అందరి చూపూ ముందు పనిమనిషి మీదికే పోతుంది. నలభై ఏళ్లు పరాయి ఇళ్లలో బతికి, దొంగ అన్న మాట పడకుండా నెట్టుకొచ్చింది. ఆవిడకున్న ఆస్తి అదొక్కటే. ఈ వయసులో ఆ మచ్చ పడితే ఇంకెందుకు బతకడం?

రెండో రోజూ ఆఫీసరొచ్చాడు. అయ్యగారు స్నానం. మూడో రోజూ స్నానమే.

నాలుగో రోజు ఇద్దరు పోలీసుల్ని వెంటబెట్టుకొచ్చాడు.

"ఏమ్మా, యజమాని ఎప్పుడడిగినా స్నానమేనా? మనిషా, గేదా?"

"వాళ్లిల్లు, వాళ్ల నీళ్లు. మీకెందుకంట?" పెద్దక్క గేటుకి అడ్డంగా నిలబడింది. "నేను బతికుండగా ఈ ఇంట్లోంచి గుండుసూది కూడా బయటికి పోదు!"

గొడవకి వీధంతా పోగైంది. ఆఫీసరు గొంతు తగ్గించాడు.

"మేం దొంగలం కాదమ్మా, దొంగ కోసం వచ్చాం. ఈ ఇంటి యజమాని పేరున నడిచిన కంపెనీ జనం దగ్గర డిపాజిట్లు కట్టించుకుని బోర్డు తిప్పేసింది. కోర్టు వారెంటిచ్చింది."

"అబద్ధం!"

"అబద్ధం కాదు పెద్దక్కా." ఎదురుగా ఇస్త్రీ బండి పెట్టుకునే ముసలాయన ముందుకొచ్చాడు. "కంటి ఆపరేషన్‌కని దాచుకున్నదంతా అందులోనే పోశాను. నువ్వు అన్నం తినే ఇల్లు కదా, మోసం ఉండదనుకున్నాను. ఇంక ఈ కన్ను రాదు." ఏడుపు ఆపుకోలేకపోయాడు.

పెద్దక్క అమ్మగారికి ఫోన్ చేసింది. స్విచాఫ్. అయ్యగారికి చేసింది. అసలా నంబరే లేదంది. సెలవులకి వెళ్తూ పిల్లల స్కూలు పుస్తకాలన్నీ ఎందుకు సర్దుకున్నారో అప్పుడు వెలిగింది ఆవిడకి.

దొంగలు రాకుండా కాపలా కాస్తున్నాననుకుంది. కాసింది దొంగలకే! బొడ్లోంచి తాళాల గుత్తి లాగి ఆఫీసరు చేతిలో పడేసింది.

"తీసుకోండి బాబూ. వాళ్ల ఉప్పు తిన్న మాట నిజమే. గానీ ముసలాయన కంటిచూపు మింగినవాళ్లకి నేను కాపలా కాయను. జాలీ గీలీ పెట్టుకోకండి. తీసుకెళ్లి జైల్లో తొయ్యండి."

"ఇంటికి సీలు వేసేముందు వారెంటు చదివి వినిపించాలమ్మా. అది మా పద్ధతి."

"గట్టిగా చదవండి! ఆ దొంగ పేరు వీధి చివరిదాకా వినపడాలి. వినండర్రా, అందరూ వినండి!"

జనం గేటు దగ్గరికి జరిగారు.

ఆఫీసరు కాగితం విప్పి, గొంతు సవరించుకుని, ఇంటికీ కంపెనీకీ ఏకైక యజమాని అని రాసి ఉన్నచోట, ఆ వీధిలో ఇన్నేళ్లుగా ఎవరూ పిలవని పెద్దక్క అసలు పేరుని, వాళ్లమ్మ ముద్దుగా పెట్టుకున్న పేరుని, ఇంటిపేరుతో సహా పైకి చదివాడు.