పొడిగా ఉన్న బూట్లు

"నాన్న లోపల పడుకున్నారు. తర్వాత రండి."

తలుపు సందులోంచి ఆరేళ్ళ పాప చెప్పింది. గొలుసు తీయకుండా, తడుముకోకుండా, పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది.

బయట నిలబడ్డ ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకరు కాలేజీ సహాయనిధి తరఫున వచ్చిన పరిశీలకురాలు. రెండో మనిషి ఫొటోలు తీసే గుమాస్తా. బిడ్డను ఒంటరిగా పెంచుతూ మళ్ళీ చదువుకుంటున్న వాళ్ళకు ఆ నిధి ఫీజు కడుతుంది. వాళ్ళు నిజంగా ఒంటరివాళ్ళేనా అని ఏడాదికోసారి చెప్పకుండా మనుషులను పంపి చూసుకుంటుంది.

గుమాస్తా నవ్వు ఆపుకుంటూ గుమ్మం పక్కకు వేలు చూపించాడు. అక్కడ మగవాళ్ళ నల్ల బూట్లు ఒక జత ఉన్నాయి.

"తొమ్మిదో నంబరు, మేడమ్. పొద్దుటినుంచీ వాన. ఇవి చూస్తే పొడిగా ఉన్నాయి. అయ్యగారు ఇవాళ గడప దాటలేదన్నమాట."

ఇంతలో తల్లి సబ్బు చేతులతో పరుగెత్తుకొచ్చి గొలుసు తీసింది. వచ్చినవాళ్ళెవరో తెలిశాక చేతులు తుడుచుకోవడం మరిచిపోయింది.

ఉన్నది ఒకే గది. దాన్ని చూడడానికి అయిదు నిమిషాలు చాలు. పరిశీలకురాలు ఇరవై తీసుకుంది. బ్రష్షులు రెండు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. కంచాలు రెండు. దిండ్లు రెండు. గోడకు తెల్లటి ల్యాబ్ కోటు. కిటికీ దగ్గర రక్తకణాల బొమ్మలు గీసిన నోటుపుస్తకం. ఒక కణానికి పాప ఊదారంగు పెన్సిలుతో కళ్ళూ ముక్కూ పెట్టింది. గుమాస్తా మంచం కిందికి వంగి చూశాడు. పరదా వెనక చూశాడు.

"పడుకున్నాయన లేచి ఎటెళ్ళాడమ్మా?"

"ఎవరూ లేరండి. ఆ మనిషి మమ్మల్ని వదిలేసి నాలుగేళ్ళయింది. పోయినేడు ఎవరో రెండుసార్లు బయటినుంచి గడియ కదిపి చూశారు. అప్పుడు పాతసామాన్ల కొట్లో ఆ బూట్లు కొన్నాను. ఎవరు తలుపు తట్టినా అలా చెప్పమని పాపకి నేనే నేర్పాను."

"మనిషి దొరక్క బూట్లు కొనుక్కున్నారన్నమాట," అన్నాడు గుమాస్తా. "కథ బాగుంది."

తల్లి అతని వైపు చూడలేదు. "మేడమ్, మీరే ఒక్కసారి వాటిని చేత్తో పట్టుకుని చూడండి."

పరిశీలకురాలు గుమ్మం బయటికి వచ్చి ఒక బూటు ఎత్తింది. లేసు ముడి మీద దుమ్ము పేరుకుని ఉంది. ఆ ముడిని చాలాకాలంగా ఎవరూ విప్పలేదు. లోపల, మునివేళ్ళు ఉండవలసిన చోట, సాలీడు గూడు కట్టుకుంది. ఆవిడ ఆ దుమ్మునూ చూసింది, ఆ గూడునూ చూసింది. బూటును ఎక్కడ తీసిందో సరిగ్గా అక్కడే, రెండోదాని మడమకు మడమ సరిపోయేట్టు పెట్టింది.

"మీరెప్పుడైనా విన్నారా మేడమ్ ఇలాంటిది?" గుమాస్తా అడిగాడు.

కాగితం మీద కలం ఒక్క క్షణం ఆగింది.

"లేదు. మా గుమ్మం ముందూ బూట్లుంటాయి. అవి మా ఆయనవి."

"ఇన్నేళ్ళయింది, సార్‌ని మాకు ఒక్కసారి కూడా చూపించలేదు మీరు."

"ఆయనకు నలుగురిలోకి రావడం గిట్టదు. త్వరగా ఫొటో తీయండి. ఆలస్యమైతే విసుక్కుంటారు."

తల్లి గుమ్మంలోకి వచ్చింది.

"అయిదు వారాల్లో ఆఖరి పరీక్షలు, మేడమ్. ఫీజు కట్టకపోతే హాల్లోకి రానివ్వరు. పాసైతే రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగమిస్తామన్నారు. రెండేళ్ళు లాండ్రీలో ఇస్త్రీ చేస్తూ చదివాను. మీరూ ఆడవాళ్ళే, మీకు తెలియనిదేముంది?"

"నేనిక్కడికి ఆడదానిగా రాలేదమ్మా, ఉద్యోగం మీద వచ్చాను. పెద్దవాళ్ళు అవసరాన్నిబట్టి ఏమైనా చెబుతారు. ఎవరూ అడగకుండా పిల్లలు చెప్పేదే మాకు సాక్ష్యం. నిబంధనల్లోనే ఉంది."

పాప అమ్మ వేలు పట్టుకుని పైకి చూసింది.

"నేను సరిగ్గానే చెప్పాను కదమ్మా?"

"సరిగ్గానే చెప్పావు, బంగారం."

పరిశీలకురాలు ఆ మాట విన్నది. 'ఇంట్లో మరో వయోజనుడి నివాసం' అన్న గడిలో 'ఉంది' అని రాసింది. దాని కింద 'సహాయం నిలుపుదల' అన్న చోట సంతకం చేసింది. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి.

సాయంత్రానికీ వాన తగ్గలేదు. ఆవిడ గొడుగు ముడిచి తన ఇంటి మెట్లెక్కుతుంటే కింది వాటా ఇల్లాలు పలకరించింది.

"సార్ వచ్చేశారా వదినా? అలికిడే లేదు."

"వచ్చే ఉంటారు. లోపల పడుకుని ఉంటారు."

పై అంతస్తులో తన గుమ్మం పక్కనున్న మగవాళ్ళ బూట్లు పొడిగా ఉండడం ఆవిడ మొదటిసారి గమనించి, తడిసిన గొడుగును వాటి మీద రెండుసార్లు విదిలించి, పదకొండేళ్ళుగా తాను తప్ప మరెవరూ తీయని తాళం తీసింది.