సోకు లేని పేజీ

"ఆ టేబులే పెట్టుమని ఎన్నిసార్లు చెప్పాలె తిరుమలా?" ఓంప్రకాశ్ ఆమె కుర్చీ వెనకే నిలబడి సతాయిస్తున్నాడు. "ఈ పని పోయిందనుకో, ఆఫీసు బంద్. నీ నౌకరీ సుత పోతది."

మడికొండలో రెండు కంప్యూటర్లతో వెబ్‌సైట్లు చేసే ఆఫీసు అతనిది. కాశిబుగ్గలో జంపఖానాలు అమ్మే సారంగపాణితో బేరమంతా ఫోన్లోనే నడిచింది. ఆయన గోడు ఒక్కటే: "పాతోళ్లు చేసిన పేజీల, జంపఖానాల పేర్లన్ని ఒక్కకాడ, ధరలన్ని ఒక్కకాడ. దేని ధర ఏందో ఎరుకైతలేదు."

"లైన్లు వంకరపోయినట్టున్నయ్. గళ్లు గీసి గడికొకటి కూసోబెట్టు, ఎటూ కదలయ్," అన్నాడు ఓంప్రకాశ్. టేబుల్ అంటే అదే మరి.

"గళ్లు ఫోన్ల ఇమడయ్ సార్. స్టైల్ షీటే నయం. పేరు, కొలత, ధర వరుసగ ఒక ఫైల్ల రాస్త. రంగులు, అమరిక ఇంకో ఫైల్ల పెడ్త."

"నీ ఇష్టం. కొంప మునిగితె మాత్రం నీదే పూచీ."

మొండిది తిరుమల. అనుకున్నట్టే చేసింది. పేజీ నెట్‌లోకి ఎక్కింది, రంగుల స్టైల్ షీట్ ఎంతసేపు ఎక్కుతుందిలే అని సారంగపాణికి లింకు పంపేసింది. అంతే, కరెంటు పోయింది. ఇన్వర్టర్ బ్యాటరీ చచ్చి చాలా కాలమైంది.

ఓంప్రకాశ్ తన ఫోన్లో లింకు తెరిచి తల పట్టుకున్నాడు. రంగు లేదు, సోకు లేదు. తెల్ల పేజీ మీద నల్లటి మాటలు ఒకదాని కింద ఒకటి, కిరాణా చీటీలాగా ఉన్నాయి.

"ఇదేనా నీ స్టైలు?"

"జర ఆగుమనుండ్రి సార్. కరెంటు రాంగనే..."

"ఇంక ఆగుడేంది? ఆయన ఇప్పుడు గదే సూస్తాండు."

తిరుమలకు ఏడుపు తన్నుకొచ్చింది. స్విచ్ బోర్డు దాకా పోయింది, వచ్చింది. ఏ దేవుడికి మొక్కాలో తోచలేదు. నోటికాడి కూడు చేజేతులా పారేసుకున్నాననుకుంది. ఇక అనిపించుకునే ఓపిక కూడా లేక బ్యాగు భుజాన వేసుకుంది.

అప్పుడు మోగింది ఓంప్రకాశ్ ఫోన్. సారంగపాణి. అతను స్పీకర్ నొక్కాడు.

"శెబ్బాష్ భాయ్. గిప్పుడు మంచిగున్నది. పేరు, దాని కొలత, దాని ధర. ఎందరికో చెప్పిన, ఎవ్వలకు చేతకాలే. పని మీకే ఇస్తాన."

తిరుమల భుజం మీది బ్యాగు జారి కింద పడింది. ఓంప్రకాశ్‌కు మాత్రం నమ్మబుద్ధి కాలేదు. "ఏందన్నా, ఎగతాళి చేస్తున్నవా? రంగు లేకపాయె, ఓ అందం లేకపాయె..."

"అవి కొనేటోళ్లకు కావాలె, పెట్టుండ్రి. నాకైతె ఫోనే సదివి ఇనిపిస్తది. పాత గళ్ల పేజీనైతె అడ్డంగ సదువుకుంట పోయేది, పేర్లన్ని అయినంకనే ధరలు." ఆయన చిన్నగా నవ్వాడు. "నాకు కండ్లు పొయ్యి మస్తు ఏండ్లాయె భాయ్."